వెనక్కి నడిచిన విమానం

యాదగిరి క్షమించని మనుషుల పట్టీ పొడుగైంది. అందులో మొదటివాడు "సోమవారం తీసుకురండి, చూద్దాం" అన్న డాక్టరు. ఆ సోమవారం రాకముందే యాదగిరి భార్య అండాలు పోయింది. ఆరేళ్లయింది. రెండోవాడు అండాలు దినాలనాడు ఇంకో ఊళ్లో పెళ్లి భోజనానికి పోయిన తోడల్లుడు. ఆ ఇంటి గడప తొక్కనని యాదగిరి ఆ రోజే అన్నాడు, ఇప్పటిదాకా తొక్కలేదు. ఆ తర్వాత దంతాలపల్లిలో సగం ఊరు ఉంది. ఈ నవంబరులో ఆ పట్టీలోకి కొత్తగా ఎక్కినవాడు జనగామలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే రమాకాంత్ సేటు.

సేటు చేసిన నేరం నవ్వడం. ఉట్టిగా నవ్వితే యాదగిరి ఊరుకునేవాడేమో. నవ్వుతూ నవ్వుతూ రిమోట్ కోసం చెయ్యి చాచాడు.

జరిగింది ఇది.

యాదగిరిది బోరు మోటర్ల పని. దంతాలపల్లి బస్టాండు దగ్గర చిన్న రేకుల షెడ్డు. కాలిన మోటరు వాసన చూసి తప్పు వోల్టేజీదో రైతుదో చెప్పగలడని పేరు. చాలాసార్లు రైతుదే అనేవాడు. పోయిన ఏడు ఒక ఆదివారం పాలకుర్తి దాటినాక ఉన్న ఒక వెంచరులో బోరు చూడటానికి పోయాడు. వెంచరంటే పెద్ద కమాను, నాలుగు వరసల డాంబరు రోడ్లు, నంబర్లు రాసిన హద్దురాళ్లు. ఇల్లు ఒక్కటి లేదు. ప్లాట్లు కొన్నవాళ్లు రేటు పెరగాలని చూస్తున్నారు, గడ్డి పెరుగుతోంది. ఆ ఖాళీ రోడ్ల మీద ముగ్గురు మనుషులు ఆడుకుంటున్నారు. పిల్లలు కాదు. ఒకడు రమాకాంత్, విమానం ఎగరేస్తున్నాడు. ఇంకొకడు మానుకోటలో డ్రిల్లు సారు శామ్యూల్, మూరెడు పొడుగు కారును గడ్డిలోంచి దుమ్ము లేపుతూ ఉరికిస్తున్నాడు. మూడో మనిషి వినీత అనే అమ్మాయి, భూపాలపల్లి బొగ్గు గనిలో సర్వే పని. ఆమెది మోటరు లేని విమానం. చేత్తో విసిరితే గద్దలాగా రెక్క కదపకుండా తిరుగుతోంది.

యాదగిరి బోరు పైపులు అట్లాగే వదిలేసి ఒక హద్దురాయి మీద కూచున్నాడు. గంటసేపు లేవలేదు. చివరికి లేచి రమాకాంత్ పెట్టె దగ్గరికి పోయి, అందులో నిమ్మకాయంత ఉన్న మోటరును అరచేతిలోకి తీసుకున్నాడు. దానికి మూడు వైర్లు ఉన్నాయి.

"సేటు, గిది త్రీఫేసా?"

"అసుంటిదే అనుకో అన్నా."

"గింతదా?"

"గింతదే. నీ చెయ్యి వదిలితే చెట్టెక్కుతది."

నలభై ఏళ్లుగా మోటర్లను భూమి లోపలికి దింపుతున్న మనిషి, ఒక్కదాన్నన్నా పైకి లేపాలనుకున్నాడు.

మోటరు, దాని ముందు తిరిగే చిన్న ఫ్యాను రెక్క, బ్యాటరీ, రిమోట్ హైదరాబాదు నుంచి తెప్పించుకున్నాడు. ఒళ్లు మాత్రం తనే చేసుకున్నాడు. కొత్త మోటర్ల పెట్టెల్లో వచ్చే థర్మకోలుతో డొక్క చేశాడు. బుట్టలల్లేవాళ్ల దగ్గర తెచ్చిన వెదురు బద్దలతో రెక్కకు ఎముకలు పెట్టాడు. పైన చుట్టడానికి ఒక కోచింగ్ సెంటరు ఫ్లెక్సీ దొరికింది. ఎడమ రెక్క కింద ర్యాంకు వచ్చిన పిల్ల నవ్వు, కుడి రెక్క కింద ఆ పిల్ల హాల్ టికెట్ నంబరు వచ్చాయి. మొదటి రెక్కను సైకిలు ట్యూబు సొల్యూషనుతో అతికిస్తే, థర్మకోలు బెల్లంలాగా కరిగి కూచుంది. రెండోదాన్ని ఫెవికాల్‌తో అతికించాడు. అది రాత్రంతా ఆరాలి. పొద్దున్నే షెడ్డు తెరిచి, పళ్లు తోముకోకముందే వేలితో తట్టి చూసేవాడు. గట్టిగా పలికితే ఆ రోజంతా బాగుండేది. ఆ రోజుల్లో మోటరు కాల్చుకొని వచ్చిన రైతులకు తిట్లు కూడా తక్కువే పడ్డాయి.

పక్కనే చాయ్ హోటలు బుచ్చవ్వ ఊరుకునే మనిషి కాదు.

"ఏందయ్యా యాదగిరి, మనుమల్ని ఆడిచ్చే ఈడుల నువ్వే ఆడబడితివి?"

"నీ చాయ్ల పాలు పల్సగైనయ్. ముందు గది చూస్కో అవ్వ."

"పాలు నీ లెక్కనే అయినయ్, పుల్లగ."

విమానం తయారైంది. నాలుగడుగుల రెక్క. నవంబరు మొదటి ఆదివారం దాన్ని బట్టలో చుట్టి, ఎక్సెల్ బండి వెనక అడ్డంగా కట్టుకొని, తొర్రూరు మీదుగా వెంచరుకు పోయాడు. దారిలో బస్సులు కూడా పక్కకు జరిగాయి.

విమానాన్ని డాంబరు రోడ్డు మీద పెట్టి రిమోట్ మీది స్పీడు పుల్లను పూర్తిగా పైకి తోశాడు. మోటరు గింయ్యిమంది. విమానం నడిచింది. పదహారో నంబరు ప్లాటు నుంచి నలభయ్యో నంబరు దాకా నడిచింది తప్ప చక్రం నేల వదల్లేదు.

"దమ్ము లేదన్నా దీనికి," అన్నాడు శామ్యూల్.

యాదగిరికి జబ్బు దొరకడానికి ఒక్క నిమిషం పట్టలేదు. ఇట్లాంటిది బోర్ల దగ్గర వెయ్యిసార్లు చూశాడు. బోరు మోటరు ఉల్టా తిరిగితే నీళ్లు బందుకావు. వస్తాయి, సన్నగా, ఏడుస్తున్నట్టు వస్తాయి. బోరు ఎండిపోయిందని రైతు తల పట్టుకుంటాడు. యాదగిరి పోయి స్టార్టరు డబ్బా విప్పి, మూడు వైర్లలో రెండింటిని అటుది ఇటు, ఇటుది అటు మార్చి బిగిస్తాడు. నీళ్లు దూకుతాయి. రైతు దండం పెడతాడు.

"ఉల్టా తిరుగుతంది," అన్నాడు. "రెండు వైర్లు మారిస్తే సరి."

"జర ఆగన్నా, ఒకసారి చూద్దం," అన్నాడు రమాకాంత్.

"చూసుడేంది సేటు? నలభై ఏండ్ల సంది గిదే పని నాది."

వైర్లు మార్చాడు. విమానాన్ని రోడ్డు మీద పెట్టి, దాని వెనక నిలబడి, పుల్ల పైకి తోశాడు. విమానం ముందుకు పోలేదు. తోక ముందు పెట్టుకొని, యాదగిరి మీదికే వచ్చింది. ఆయన ఎగిరి కాళ్లు ఎడం చేశాడు. విమానం ఆ కాళ్ల సందులోంచి దూరి, వెనక ఆగి ఉన్న శామ్యూల్ కారుకు తగిలి ఆగింది.

రమాకాంత్ నవ్వలేక రాయి మీద కూలబడ్డాడు. వినీత మొహం అటు తిప్పుకుంది గాని భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

"యాదగిరన్నా, రివర్స్ గేరున్న విమానం దేశం మొత్తంల నీ ఒక్కనికే ఉన్నది!" అన్నాడు రమాకాంత్ కళ్లు తుడుచుకుంటూ. లేచి వచ్చి చెయ్యి చాచాడు. "బోర్లు నువ్వు చూస్కో అన్నా, గాలి సంగతి మాకిడ్సిపెట్టు. ఇటియ్యి, నేను ఎగిరేసి చూపిస్త."

యాదగిరి రిమోట్‌ను రొమ్ముకు ఆనించుకున్నాడు.

"దీన్ని నేనే లేపుత, నేనే దింపుత. పరాయి చెయ్యి దీని మీద పడ్డనాడు, మళ్ల ఈ రోడ్డు మీద కాలు పెట్ట. ముగ్గురు ఇంటున్నరు గద?"

ముగ్గురూ విన్నారు. నవ్వులు ఆగిపోయాయి. యాదగిరి మాటంటే ఏమిటో అప్పటికి వాళ్లకూ తెలుసు.

ఇంటికి వచ్చి రెండు రోజులు విమానం మొహం చూడలేదు. మూడో రోజు షెడ్డులో పాత టేబుల్ ఫ్యాను ఒకటి విప్పాడు. యాదగిరి ఎవరు చెప్పినా నమ్మడు, విప్పి చూస్తేనే నమ్ముతాడు. ఫ్యాను రెక్కను తీసి, వెనకది ముందుకు తిప్పి, ఎట్లాగో బిగించి, స్విచ్చి వేశాడు. గాలి ముందుకే వచ్చింది. కాకపోతే సన్నగా, ఏడుస్తున్నట్టు వచ్చింది.

చాలాసేపు ఆ ఫ్యాను ముందు కూచున్నాడు.

మోటరు మొదట సరిగ్గానే తిరిగింది. దాని ముందు తిరిగే ఫ్యాను రెక్కనే తను తిరగేసి బిగించాడు. సరిగ్గా ఉన్న మోటరును ఉల్టా చేసి, ఉల్టా ఉన్న రెక్కను అట్లాగే వదిలేశాడు. ఇంకేం, వెనక్కి నడిచింది. ఈ తప్పుకు తిట్టడానికి ఎవరన్నా దొరుకుతారేమోనని వెతికాడు. తోడల్లుడి దాకా పోయాడు గాని అతుక్కోలేదు. తనను తానే నాలుగు తిట్టుకొని, వైర్లు యథాప్రకారం కలిపి, రెక్కను తిప్పి బిగించాడు. విమానాన్ని బల్లకు కట్టి పుల్ల తోశాడు. బల్ల మీది స్పానర్లు, నట్లు, చీటీలు ఎగిరి బుచ్చవ్వ హోటల్లో పడ్డాయి.

"నీ విమానం పాడుగాను!" అని అరిచింది బుచ్చవ్వ.

"పాడుగాలే అవ్వ, బాగైంది!" అన్నాడు యాదగిరి. ఆయన నోట అట్లాంటి గొంతు విని బుచ్చవ్వ స్పానరు ఇవ్వడానికి తనే వచ్చింది, మనిషి మొహం చూసిపోదామని.

శనివారం వినీత ఫోను చేసింది.

"కాకా, రేపు వస్తున్నవా?"

"ఎందుకు రాను? పరాయి చెయ్యి పడితే రానన్న. పడ్డదా?"

"పడలే కాకా. ఒక్క ముచ్చట చెప్త, కోపం చెయ్యకు. విమానం మన దిక్కు వచ్చేటప్పుడు ఎడమ కుడి అయితది, కుడి ఎడమ అయితది. పరేషాన్ కావొద్దు. ఏ రెక్క కిందికి వాలుతదో పుల్లను ఆ దిక్కే ఒత్తాలె."

"తెలుసు బిడ్డా."

తెలియదు. అయినా తెలుసు అన్నాడు.

ఆదివారం ఎండ అప్పుడే ఎక్కుతోంది, గాలి లేదు. రమాకాంత్ ముందే వచ్చి ఉన్నాడు. "రా అన్నా," అన్నాడు. యాదగిరి అటు చూడకుండా బండికి కట్టిన తాళ్లు విప్పాడు. విమానాన్ని దించి, రెక్కను రబ్బర్లతో కట్టి, బ్యాటరీ తగిలించాడు. విమానం ముందు తిరిగే రెక్క వైపు రమాకాంత్ ఒక చూపు చూసి, అర్థమై, నోరు మూసుకున్నాడు. అది యాదగిరి గమనించాడు. నచ్చింది గాని పైకి కనపడనియ్యలేదు.

పుల్ల తోశాడు. ఇరవయ్యో నంబరు రాయి దాటకముందే చక్రాలు నేలను వదిలేశాయి.

యాదగిరి తల పైకెత్తాడు. తన చేత్తో కోసిన థర్మకోలు, తన చేత్తో చీల్చిన వెదురు, కమాను కంటే పైకి పోయింది. తాడి చెట్టు కంటే పైకి పోయింది. పుల్లను కొంచెం ఎడమకు ఒత్తితే ఎడమకు తిరిగింది. కుడికి ఒత్తితే కుడికి తిరిగింది. చెప్పిన మాట వినే జీవిని చూసి ఎన్నేళ్లయిందో. కింద నుంచి చూస్తే రెక్క మీద ర్యాంకు పిల్ల ఆకాశమంతా నవ్వుతోంది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరిగింది. శామ్యూల్ కారు ఆపేసి ఈల వేశాడు.

"అన్నా, పెండ్లికొడుకు లెక్క పోతంది!"

యాదగిరి నవ్వాడు. పళ్లు కనపడేటట్టు నవ్వాడు.

మూడో చుట్టులో విమానం ఎండలోకి పోయింది. కళ్లు చీకట్లు కమ్మాయి. మళ్లీ కనపడేసరికి అది తన వైపే వస్తోంది. ఒక రెక్క వాలి ఉంది. సరిచేద్దామని అలవాటైన వైపు పుల్ల ఒత్తాడు. ఇంకా వాలింది. ఇంకా ఒత్తాడు. ఇంకా వాలి, వెంచరు అంచున ఉన్న పెద్ద కరెంటు లైను వైపు మళ్లింది. వినీత ఫోనులో చెప్పింది ఆయనకు గుర్తుకు రావాలి. రాలేదు. ఎడమేదో కుడేదో చేతులకు తెలియలేదు.

ఆ తీగలేమిటో అక్కడున్న అందరికంటే ఆయనకే బాగా తెలుసు. తగిలితే థర్మకోలు ముక్క కూడా కింద పడదు.

పక్కకు చూశాడు. రమాకాంత్ రెండడుగుల దూరంలో ఉన్నాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకొని, ఒక దానితో ఇంకొకటి గట్టిగా పట్టుకొని ఉన్నాడు. చూపు విమానం మీద ఉంది. పెదవులు కదులుతున్నాయి గాని మాట బయటికి రావడం లేదు. ఆ రోజు అన్న మాటను సేటు తన చేతులతో కాపాడుతున్నాడు.

ఇస్తే ఈ రోడ్డు లేదు. ఈ ఆదివారాలు లేవు. తను అన్నాడంటే అన్నాడే. ఇవ్వకపోతే విమానం లేదు.

"సేటు!" అన్నాడు యాదగిరి. "పట్టు."

రమాకాంత్ చేతులు ఎప్పుడు వచ్చాయో తెలియలేదు. రిమోట్ అటు పోయింది. పుల్ల ఒకసారి అటు, ఒకసారి వెనక్కి కదిలింది. తీగలకు రెండు బారల దూరంలో విమానం నిటారుగా లేచి, తీగల పైనుంచి దాటి, పొలాల మీద పెద్ద చుట్టు తిరిగి, రోడ్డు మీది గాల్లోకి నిమ్మళంగా వచ్చింది.

రమాకాంత్ రిమోట్‌ను యాదగిరి వైపు చాచాడు.

"ఇగో, పట్టుకో అన్నా."

"నువ్వే దింపు సేటు. నాతోని కాదు."

"నేనెందుకు దింపుత? నాదా అది? జల్ది పట్టు, నా చెయ్యి ఎక్కువసేపు ఉండొద్దు దాని మీద."

యాదగిరి పట్టుకున్నాడు. వినీత వచ్చి చెవి దగ్గర నిలబడింది. "కాకా, మన దిక్కు వస్తంది. ఏ రెక్క వాలింది?"

"గా పిల్ల బొమ్మ రెక్క."

"పుల్లను ఆ దిక్కే ఒత్తు. కొంచెమే."

ఒత్తాడు. రెక్క లేచి సమమైంది. ఇంత చిన్న సంగతా అనుకున్నాడు. స్పీడు తగ్గించాడు. విమానం రోడ్డు మీదికి దిగింది, ఎగిరి మళ్లీ దిగింది, ఒక చక్రం ఊడి గడ్డిలో దొర్లింది, బొక్కబోర్లా పడబోయి ఆగింది. ఏమీ విరగలేదు.

శామ్యూల్ చక్రం ఏరుకొచ్చి ఇస్తూ గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, మరి వచ్చే ఆదివారం నుంచి..."

"సారూ, నీకేం పని?" అంది వినీత.

"నాకేం పని లేదు. అన్న అన్నడు, మేం ఇన్నం. ఇంటున్నరు గద అని అడిగిండు గూడ."

రమాకాంత్ ముందుకు వచ్చాడు. "అన్నా, ఒకటి చెప్త ఇను. నువ్వు పరాయి చెయ్యి అన్నవ్. నీ అంతల నువ్వు ఇస్తే నేను పట్టిన. అది పడ్డ లెక్కల రాదు."

"లాయరు లెక్క మాట్లాడకు సేటు," అన్నాడు యాదగిరి. "చెయ్యి పడ్డది. నేను పిలిస్తేనే పడ్డది. మాట తప్పిన నేను."

రాయి మీద కూచున్నాడు. బతుకులో మాట తప్పడం ఇదే మొదటిసారి. తప్పితే ఏమవుతుందో చూద్దామని కొంచెంసేపు ఆగాడు. ఏమీ కాలేదు. ఎండ అట్లాగే ఉంది. రమాకాంత్ డబ్బాలోంచి సకినాలు తీసి చేతిలో పెట్టాడు. ఒకటి కొరికాడు.

"నువ్వులు తక్కువైనయ్," అన్నాడు.

"మా ఇంట్లామెకు చెప్త. నువ్వు అన్నవని చెప్పాల్నా?"

"నేనే అన్నని చెప్పు. ఇంకోటి గూడ చెప్త. ఆ పొద్దు నువ్వు నవ్విన నవ్వు నేను మరువ."

"మరువకన్నా. మేం గూడ మరువలే. శామ్యూల్ సారు రోజుకోసారి చేసి చూపిస్తడు, నువ్వు కాళ్లు ఎడం చేసి ఎగిరింది."

శామ్యూల్ అక్కడికక్కడే చేసి చూపించాడు. బాగా చేశాడు. యాదగిరికి నవ్వు ఆపుకోవడానికి సకినం అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది.

తర్వాత లేచి, చక్రాన్ని రాగి తీగతో చుట్టి బిగించాడు. సంచీలోంచి రెండో బ్యాటరీ తీశాడు. ఎండ ఏ వైపు ఉందో చూసి, ఈసారి దానికి వీపు పెట్టి నిలబడ్డాడు.

"సేటు, ఇటు రా. నా పక్కన నిలవడు."

"చేతులు ఎన్క పెట్టుకోవాల్నా, ముందట పెట్టుకోవాల్నా?"

"ముందటనే పెట్టుకో," అన్నాడు యాదగిరి, పుల్ల పైకి తోస్తూ.